పొరుగువారి రచ్చబండకు లెక్క అడుగు విధము
(సంఘ వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



మన వార్షిక మహాసభలయందు విద్యాభివృద్ధినిగూర్చియు, విద్యార్థి వసతిగృహములనుగూర్చియు, వివాహములయందలి దుబారాను తగ్గించుటనుగూర్చియు పెద్దలు ప్రసంగించుట ఆచారమై యున్నది. ఈ సంవత్సరము ఆహ్వానసంఘమువారు మాకు నియమించిన విషయము వానికంటె భిన్నమైనది. ఇరుగుపొరుగువారిని ఒకచోట గూర్చెదమని వెలసిన సామాజికమాధ్యమ కంపెనీచేత, అందు సభ్యులముగాను, దాని వాటాదారులముగాను ఉండి, మనము జవాబు చెప్పించుకొనుట యెట్లు? అను ప్రశ్నయే ఆ విషయము. ఇందు మాకంటె ప్రవీణులగువారు ఈ సభయందే పెక్కుమంది గలరు. అయినను పెద్దల యాజ్ఞను శిరసావహించి, మాకు తెలిసినంతవఱకు విన్నవించెదము.

ఇది కులమహాసభకు తగిన విషయమా యని కొందఱు శంకింపవచ్చును. అమెరికాయందు కొడుకో, కూతురో, మేనల్లుడో లేని కుటుంబములు మనలో నానాటికి తగ్గిపోవుచున్నవి. ఆ బిడ్డలు కాపురముండు వీథులలో ఎవరి కుక్క తప్పిపోయెనో, ఎవరి యింట పాతబల్ల అమ్మకమునకు గలదో, ఎవరు అనుమానము గలుగునట్లు తిరుగుచుండిరో తెలుపు వ్రాతలు నేడు ఒక కంపెనీవారి పుటలమీద నడచుచున్నవి. బిడ్డలవద్ద ఆఱు నెలలుండి వచ్చెదమని పోయిన మన తల్లిదండ్రులు సాయంకాలము పంచె కట్టుకొని, చీర కట్టుకొని నడచునవియు ఆ వీథులే. కావున ఇది మన యింటి విషయమే యని మా మనవి.

రచ్చబండకు యజమాని

పూర్వము మన గ్రామములందు రచ్చబండ యుండెడిది. అచ్చట కూర్చుండుటకు అందఱికి అర్హత లేకుండుట ఆ కాలపు దోషము. దానిని పొగడుట మా యుద్దేశము గాదు. అయినను ఆ రాతికి యజమాని లేడు. అచ్చట ఒకడు పొరుగువానిమీద నింద వేసిన యెడల, వేసినవాని మొగము అందఱికిని కనబడెడిది; మఱునాడు వాడు ఆ త్రోవనే నడువవలసి యుండెడిది. నేటి రచ్చబండకు యజమాని గలడు. ఎవరి మాట పైకి రావలెనో, ఎవరి మాట అడుగున పడవలెనో ఆ యజమాని యంత్రము నిర్ణయించును. మాటల నడుమ ప్రకటనలు పెట్టి, వానివలన అతడు ధనము గడించును.

ఈ జాతి కంపెనీలలో ముఖ్యమైనది నెక్స్ట్‌డోర్. శాన్‌ఫ్రాన్సిస్కో నగరము కేంద్రముగా గల ఈ కంపెనీ 2011 సంవత్సరమున తన వేదికను ప్రజలకు తెఱచెను. స్థాపకులలో ఒకరగు నిరవ్ టోలియాగారు భారతసంతతివారు. ఇందు చేరగోరువారు తమ నిజమైన పేరుతో, తాము ఆ పేటయందే నివసించుచున్నట్లు ఋజువు చూపి చేరవలెను. పేటవారి వ్రాతలు పేటవారికే ముఖ్యముగా కనబడును. అమెరికా మొదలుకొని 11 దేశములయందు ఈ వేదిక వ్యాపించెను. మన భారతదేశము అందు లేదు. సభ్యులు రుసుము చెల్లింపరు. ప్రకటనదారులు చెల్లింతురు.

తప్పిపోయిన పిల్లలను వెదకుటయందు, వరదలు, కార్చిచ్చులు వచ్చినప్పుడు వార్త అందించుటయందు, మంచి వైద్యుని, వడ్రంగిని చూపుటయందు ఇట్టి వేదిక చేయు మేలు కొంచెము గాదు. మేలు చేయు సాధనమగుటచేతనే దానిని లెక్క అడుగవలసిన పని యున్నది. పనికిమాలినదైనచో విడిచిపెట్టిన చాలును.

ఒక మాట వలన కలుగు కీడు

2015 ఫిబ్రవరి 6వ తేదీని అలబామా రాష్ట్రమందలి మాడిసన్ పట్టణమున జరిగిన సంగతి మీలో పలువురకు జ్ఞాపకముండును. మనుమని సాకుటయందు సాయపడుటకై భారతదేశమునుండి కుమారుని యింటికి వచ్చిన 57 ఏండ్ల పెద్దమనిషి యొకరు ఉదయమున ఆ వీథిలో నడచుచుండిరి. ఎవడో అనుమానాస్పదుడు తిరుగుచున్నాడని పొరుగువాడొకడు పోలీసులకు ఫోను చేసెను. ఆంగ్లము రాని ఆ పెద్దమనిషిని పోలీసు ఉద్యోగి నేలపై పడవైచెను. వెన్నెముక దెబ్బతిని ఆయన దేహము కొంత చచ్చుబడెను. ఆ యుద్యోగిపై ఫెడరలు కోర్టునందు జరిగిన విచారణలు రెండు పర్యాయములు జ్యూరీకి ఏకాభిప్రాయము కుదరక నిలిచిపోయెను. 2016 జనవరియందు న్యాయాధిపతి అతనిని నిర్దోషిగా విడిచిపెట్టెను.

ఆ పొరుగువాని మాట ఫోనుమీద పోయినదే గాని ఏ సామాజికమాధ్యమముమీదను గాదు. ఫోనుమీది మాటను ఒక్కరు విందురు. వేదికమీది మాటను పేటయంతయు చదువును; చదివినవారిలో పదిమంది తలుపు సందునుండి చూతురు; వారిలో ఒకడు ఫోను తీయును. తెలియని మనిషి, నల్లని మేను, తలకు గుడ్డ, చేతిలో సంచి: ఇంతమాత్రమే వ్రాసినచో, ఆ వర్ణనకు సరిపోవువారిలో మన తండ్రులును ఉందురు, నల్లజాతి సోదరులును ఉందురు. ఇందు మన క్షేమమును వారి క్షేమమును వేఱుగావు.

ఓక్లండువారు చూపిన త్రోవ

కాలిఫోర్నియాయందలి ఓక్లండు నగరవాసులు ఈ కీడును మొదట గుర్తించినవారిలో చేరుదురు. తమ పేటల నెక్స్ట్‌డోర్ పుటలయందు నల్లజాతివారిని ఊరక అనుమానించు వ్రాతలు ప్రబలుట చూచి, అచ్చటివారు కొందఱు నైబర్స్ ఫర్ రేషియల్ జస్టిస్ అను పేరుతో జట్టుకట్టిరి. 2015 సంవత్సరమున ఈస్ట్ బే ఎక్స్‌ప్రెస్ అను స్థానిక పత్రిక ఆ సంగతిని విపులముగా ప్రకటించెను. నగర ఉపమేయరుగా నుండిన యానీ క్యాంప్‌బెల్ వాషింగ్టన్‌గారు ప్రజల పక్షమున కంపెనీవారితో మాటలాడిరి.

ఆ నగరవాసులు అడిగిన తీరు గమనింపదగినది. కంపెనీ చెడ్డదని కేకలువేసి వారు ఊరకుండలేదు. చెడ్డ వ్రాతలను సాక్ష్యముగా భద్రపఱచిరి. వ్రాయుటకు ముందు కనబడు పత్రమును మార్పుడని, ఏ ప్రశ్న అడుగవలెనో తామే సూచించిరి. 2016 సంవత్సరమున కంపెనీవారు పత్రమును మార్చిరి. నేరమునుగూర్చి వ్రాయువాడు మనిషి జాతిని పేర్కొనిన యెడల, ధరించిన బట్టలు, జుట్టు మొదలగు ఇతర గుర్తులను గూడ తెలుపవలెను. లేనిచో వ్రాత ముందుకు సాగదు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్రము బోధించు జెన్నిఫర్ ఎబర్‌హార్ట్‌గారి సలహా గూడ ఈ పనియందు తీసికొనబడెను. మనిషి క్షణమాత్రము ఆగి ఆలోచించినచో సగము అపనిందలు నాలుక దాటవని మన పెద్దలకును తెలిసిన సంగతియే.

ఈ మార్పువలన జాతినిబట్టి అనుమానించు వ్రాతలు 75 శాతము తగ్గెనని కంపెనీవారు చెప్పిరి. సంతోషమే. కాని ఆ లెక్క వ్రాసినవారును, చెప్పినవారును వారే. మన సంఘపు కోశాధికారి ఎంత సత్యవంతుడైనను, ఆయన లెక్కను వేఱొకరు తనిఖీ చేసినగాని సభ ఆమోదింపదు గదా! వసతిగృహపు బియ్యపు మూటలకు గల తనిఖీ, మనుష్యుల మానమర్యాదలకు గల లెక్కకు లేకుండుట తగునా?

2020 సంవత్సరమున మఱియొక పాఠము వచ్చెను. ఈ వేదికయందు వ్రాతలను పరిశీలించువారు చాలవఱకు పేటయందలి సభ్యులే. జీతము లేక ఆ పని చేయుదురు. ఆ యేడు నల్లజాతివారి ప్రాణరక్షణకై ఉద్యమము సాగినప్పుడు, ఆ యుద్యమమును సమర్థించు వ్రాతలను కొన్ని పేటల పరిశీలకులు తొలగించిరను మొఱలు దేశమంతట వినవచ్చెను. కంపెనీవారు తప్పు జరిగినట్లు ఒప్పుకొని నియమములను సవరించిరి. సభ్యుని వ్రాతను ఒక్క మీటతో పోలీసులకు పంపు ఏర్పాటును గూడ ఆ జూనునెలయందే తీసివైచిరి. ఇదియు అడిగినందున జరిగినదే గాని తనంతట జరిగినది గాదు.

సభ్యుని బలము, దాని హద్దు

సభ్యుని బలము సత్యమైనదే. కాని దానికి హద్దు గలదు. కంపెనీ దృష్టియందు సభ్యుడు కొనువాడు గాడు. కొనువాడు ప్రకటనదారు. సభ్యుడు తెచ్చునది సరకు: తన మాట, తన చూపు, తన చిరునామా. సంతకు సరకు తెచ్చిన రైతు అలిగినచో సంత కొంత నష్టపడును గాని, సంత నడుపువాడు తన పద్ధతి మార్చునని నిశ్చయము లేదు.

రెడ్డిట్ అను మఱియొక వేదిక చరిత్రయే ఇందుకు సాక్ష్యము. బయటివారి ఆప్‌లు ఆ వేదికయందలి వ్రాతలను తీసికొనుటకు 2023 సంవత్సరమున కంపెనీ భారీ రుసుము విధించెను. జూను 12వ తేదీనుండి వేలకొలది చర్చామండలులవారు తమ మండలులను మూసివేసి నిరసన తెలిపిరి. ఆ మండలులను నడుపువారు గూడ జీతము లేని స్వచ్ఛందసేవకులే. అయినను రుసుము నిలిచెను. అపోలో అను ప్రసిద్ధమైన ఆప్ ఆ నెలాఖరున మూతపడెను. మఱుసటి సంవత్సరము, అనగా 2024 మార్చియందు, అదే కంపెనీ ఒక్కొక్క వాటా 34 డాలర్ల చొప్పున ప్రజలకు అమ్మినప్పుడు, అందు 8 శాతము సభ్యులకును మండలుల నడుపరులకును కేటాయించెను. అలిగి వెడలినవారికి దొరకని ఆసనము, వాటా కొన్నవారికి దొరకెను. ఆ యాసనము ఎంత యెత్తుగా నున్నదో ఇప్పుడు చూతము.

వాటాదారుని బలము, దాని హద్దు

నెక్స్ట్‌డోర్ 2021 నవంబరు 8వ తేదీన న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజియందు ప్రవేశించెను. అంతకు పూర్వమే జాబితాయందున్న, వ్యాపారము లేని ఒక కంపెనీతో కలిసిపోవుట ద్వారా ఈ ప్రవేశము జరిగెను. దయ అను అర్థమిచ్చు కైండ్ అను గుర్తుతో అప్పుడు దాని వాటాలు చలామణి యయ్యెను. ఆ సమయమున కంపెనీ విలువను సుమారు 430 కోట్ల డాలర్లుగా కట్టిరి; వాటా యొక్కింటికి 10 డాలర్ల లెక్క. 2024 సంవత్సరారంభమునకు ఆ వాటా 2 డాలర్ల సమీపమునకు దిగి యుండెను. 2023 సంవత్సరమున రాబడి సుమారు 21.8 కోట్ల డాలర్లు, నష్టము సుమారు 14.8 కోట్లు. 2024 సంవత్సరమున రాబడి సుమారు 24.7 కోట్లు, నష్టము సుమారు 9.8 కోట్లు. నడుమ 2023 చివర ఉద్యోగులలో నాల్గవవంతు మందిని తొలగించిరి. 2024 మేనెలయందు టోలియాగారు మరల ముఖ్యకార్యనిర్వహణాధికారిగా వచ్చిరి.

ఈ అంకెలు చెప్పుట ఎవరినైనను ఎగతాళి చేయుటకు గాదు. పొరుగువారి ప్రేమను వ్యాపారముగా మార్చుట ఎంత కష్టమో తెలుపుటకు. నష్టమునందున్న కంపెనీకి ప్రకటనలను పెంచవలెనను తొందర యుండును. ఆ తొందరలో, భయము పుట్టించు వ్రాతకే ఎక్కువమంది చూపు తగులునను ప్రలోభము గలుగును. సభ్యుడు ఈ ప్రలోభమును లోపలినుండి చూడలేడు. వాటాదారు వార్షికనివేదికలయందు దాని నీడను చూడవచ్చును.

అట్టి నీడకు ఉదాహరణ మొకటి చెప్పెదము. ఈ కంపెనీ తన సభ్యులసంఖ్యను వారమునకు ఇంతమంది యని చెప్పుచుండెను. వేదికను తెఱచినవారినేగాక, వేదికనుండి వచ్చిన ఈమెయిలును తెఱచినవారిని గూడ ఆ లెక్కయందు చేర్చుచుండెను. 2024 చివర ఆ సంఖ్య సుమారు 4.6 కోట్లు. 2025 సంవత్సరమున కొలత మార్చి, వేదికమీదికి నిజముగా వచ్చినవారినే లెక్కింపగా అది సుమారు 2.2 కోట్లుగా తేలెను. మొదటి లెక్క అబద్ధము గాదు. దాని నిర్వచనము నివేదికయందే యుండెను. చదివినవాడు ఎఱుగును, చదువనివాడు మోసపోయితినని తలచును. కావున వాటాదారుని మొదటి విధి చదువుట.

ఇక ఓటు మాట. ఈ కంపెనీయందు వాటాలు రెండు తరగతులుగా నున్నవి. బజారున మనము కొనునది ఏ తరగతి. దానికి ఒక ఓటు. పూర్వమునుండి యున్నవారికి లభించినది బి తరగతి. దానికి పది ఓట్లు. తెలియుటకై ఒక లెక్క చెప్పెదము. ఒక కంపెనీయందు నూఱు బి వాటాలును, తొమ్మిదివందల ఏ వాటాలును ఉన్నవనుకొందము. బి వారికి వేయి ఓట్లు; ఏ వారికి తొమ్మిదివందలు. తొమ్మిదివందల వాటాలవారు ఏకకంఠముగా కోరినను, నూఱు వాటాలవారి మాటయే చెల్లును. చీటీపాటయందు ఒక సభ్యునికి పది పాటలు, మనకు ఒకటి యనినచో మనలో ఎవరు చేరుదురు?

ఇది ఊహ మాత్రమే గాదు. 2019 సంవత్సరమున ఫేస్‌బుక్కు కంపెనీ వార్షికసమావేశమున, డైరెక్టర్ల మండలికి స్వతంత్రుడగు అధ్యక్షుడు కావలెనను తీర్మానమునకు బయటి వాటాదారుల ఓట్లలో సుమారు 68 శాతము పడెను. అయినను స్థాపకుని వాటాలకు గల అధికబలముచేత తీర్మానము ఓడెను. ఆ తీర్మానము వ్యర్థమాయెనా? కాలేదని మా యభిప్రాయము. ఓడినను అంకె నిలిచెను. బయటివారి మనస్సు ఎట్లున్నదో లోకమునకు వ్రాతమూలముగా తెలిసెను. ఓటు గెలుచుటకే గాదు, నమోదగుటకును.

సామాన్య వాటాదారు తీర్మానము తెచ్చుటకు అమెరికాయందు నియమములు గలవు. అచ్చటి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజి కమిషనువారు 2020 సంవత్సరమున సవరించినపుడు, 2,000 డాలర్ల విలువ గల వాటాలను మూడేండ్లు, లేదా 15,000 డాలర్ల వాటాలను రెండేండ్లు, లేదా 25,000 డాలర్ల వాటాలను ఒక్క యేడు ఎడతెగక కలిగి యుండవలెనని నిర్ణయించిరి. పలువురు తమ చిల్లర వాటాలను కలిపి ఈ మొత్తము చూపుటకు వీలులేదు. తీర్మానము 500 మాటలకు మించరాదు. కంపెనీ దైనందిన వ్యవహారమునకు సంబంధించినదని తోసివేయుటకును అవకాశము గలదు. ఈ నియమములు మారుచుండును గనుక, తలపెట్టిన యేడు ఏది యమలునందున్నదో న్యాయవాదిచేత చూపించుకొనవలెను. తీర్మానము తేలేనివానికి సైతము ఓటు గలదు. డైరెక్టర్ల యెన్నికకు, అధికారుల వేతనములకు సంబంధించిన ఓటు పత్రములు బ్రోకరుద్వారా ఈమెయిలునందు వచ్చును. వానిని చదువక తుడిచివేయు అలవాటును మొదట మానవలెను.

రెండు ఆసనముల సంకటము

ఒకే మనిషి సభ్యుడును వాటాదారును అయినప్పుడు వానికి రెండు బలములు కలుగును. వానితో ఒక సంకటమును వచ్చును. సభ్యునిగా అతడు ప్రకటనలు తగ్గవలెనని కోరును; వాటాదారుగా రాబడి పెరుగవలెనని కోరును. సభ్యునిగా అపనింద వ్రాత వెంటనే తీసివేయవలెననును. వాటాదారుగా జనము చదువుచున్న దానిని ఏల తీయవలెనను ఆశ మనస్సున మెదలును. ఈ రెండును ఎల్లప్పుడు ఒకటేయని చెప్పుట సత్యము గాదు. ఈ త్రైమాసికపు రాబడికిని పేటవారి శాంతికిని నిజమైన విరోధము కలుగు దినములు గలవు.

అట్టి దినమున ఏది ముందు? పొరుగువారి నమ్మకమే ఈ కంపెనీకి మూలధనము. నమ్మకము పోయిన పేటయందు వ్రాతలు నిలుచును; వ్రాతలు నిలిచినచోట ప్రకటనలు నిలువవు. వడ్డీకొఱకు అసలును తినువాడు వ్యాపారి గాడు. కావున దీర్ఘకాలమునకు వాటా ఉంచుకొనువాడు సభ్యుని పక్షముననే ఓటు వేయవలెను. అట్లు చేయుటవలన తక్షణము కొంత నష్టము రావచ్చును. దానిని తెలిసి భరింపవలెను. ఆ నష్టము భరింపలేనివాడు వాటాను అమ్ముకొనుట మేలు. రెండు నాలుకలతో మాటలాడుట మేలు గాదు.

ఇందు రెండు హెచ్చరికలు. ప్రశ్నించు హక్కుకై వాటా కొనువాడు పోయినను బాధలేని సొమ్ముతో కొనవలెను. బిడ్డల చదువు సొమ్ము, ఆడపిల్లల పెండ్లి సొమ్ము ఇందు పెట్టరాదు. మఱియు బహిరంగముగా కంపెనీని పొగడినను తెగడినను, తాను వాటాదారునని ముందుగా చెప్పవలెను. లెక్క అడుగువాని లెక్క తెఱచి యుండవలెను.

స్వదేశపు సంగతి

ఇది పరదేశపు ముచ్చట యని స్వదేశమందలి సోదరులు తలపరాదు. మన దేశమునందు 2021 సంవత్సరపు ఐటీ నియమములచేత ప్రతి సామాజికమాధ్యమ కంపెనీయు మొఱలు వినుటకు ఒక అధికారిని నియమించి, వాని పేరు ప్రకటింపవలెను. వాని తీర్పు నచ్చనివారు అప్పీలు చేసికొనుటకు కేంద్రప్రభుత్వము 2023 జనవరియందు అప్పీలు సంఘములను ఏర్పఱచెను. ఈ త్రోవ గలదని యెఱుగక, ఫోను చేతబట్టుకొని దుఃఖించువారు మనలో నెందఱో గలరు.

వాటాల విషయమున సెబీవారు 2019 సంవత్సరమున ఒక మంచి కట్టుబాటు చేసిరి. సాంకేతిక కంపెనీల స్థాపకులకు అధిక ఓట్ల వాటాలు ఉండవచ్చును గాని, ఒక వాటాకు పది ఓట్లకు మించరాదు. కంపెనీ జాబితాకెక్కిన ఐదేండ్లకు ఆ యాధిక్యము ముగియవలెను. మఱియొక ఐదేండ్లు పొడిగింపవలెనన్న ఇతర వాటాదారులు సమ్మతింపవలెను. ఆధిక్యమునకు గడువు పెట్టుట న్యాయము. ఈ న్యాయమునే అమెరికా కంపెనీలయందును అడుగుట మన వాటాదారులకు తగియున్నది.

అడుగవలసిన ప్రశ్నలు

కంపెనీవారు ప్రకటించిన నివేదికలను మొదట చదివి, అందు లేనిదానినే అడుగవలెను. మా బుద్ధికి తోచిన ప్రశ్న లివి:

ఒకటి: జాతినిబట్టి, వేషమునుబట్టి మనిషిని అనుమానించిన వ్రాతలపై యేడాదికి వచ్చిన మొఱలెన్ని? తొలగించిన వెన్ని? ఎంత కాలమునకు తొలగించిరి? ఈ లెక్కను బయటివారెవరైన తనిఖీ చేసిరా?

రెండు: జీతము లేని పరిశీలకుడు పక్షపాతము చూపినచో, సభ్యుడు మనిషికే అప్పీలు చేసికొను మార్గము గలదా, యంత్రమునకేనా?

మూడు: సభ్యుల చిరునామాలను ఎవరికి, ఏ యుత్తరువుమీద ఇచ్చుచున్నారు?

నాలుగు: సభ్యులసంఖ్యను కొలచు పద్ధతి మార్చునప్పుడు పాతకొలత లెక్కను గూడ కొంతకాలము ప్రక్కనే చూపుదురా?

ఐదు: బి తరగతి ఓట్ల యాధిక్యమునకు గడువు పెట్టుదురా?

ఈ ప్రశ్నలను సభ్యుడు ఉత్తరముగా వ్రాయవచ్చును. వాటాదారు వార్షికసమావేశమునకు పంపవచ్చును. ఒక్కరు వ్రాసినది మఱుగున పడును. ఒకే ప్రశ్నను నూఱుమంది, మర్యాదగా, తేదీలతో, సాక్ష్యములతో వ్రాసినచో పడదు. అందులకు మన సంఘముయొక్క అమెరికా శాఖలవారు, ఇతర తెలుగు సంఘములవారితోను, నల్లజాతి సోదరుల సంఘములతోను కలిసి ఒక చిన్న ఉపసంఘమును నియమింపవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. మనవారి కష్టమునకు మాత్రమే లేచునది న్యాయముగా ఎవరికిని తోపదు.

మన చేతులు శుభ్రముగా నుండవలెను

కడపట ఒక్కమాట, చేదుగా నున్నను మన్నింపగోరుచున్నాము. మన సంఘమునకును వాట్సాప్ బృందములు గలవు. అందు పరకులముల వారినిగూర్చి, పరమతముల వారినిగూర్చి, వారు ఇట్టివారు, వీరు అట్టివారు అని ఎన్ని వ్రాతలు పంపబడుచున్నవి? ఒకరు పంపిరి, మఱియొకరు తోసిరి, ఎవరును విచారింపలేదు. అమెరికా వీథిలో మన తండ్రిని చర్మమునుబట్టి అనుమానించినచో కన్నీరు పెట్టుకొను మనము, మన యూరి వీథిలో మఱియొకని తండ్రిని కులమునుబట్టి అనుమానింపవచ్చునా? అనుమానించుచునే ఉందుమేని, పరాయి కంపెనీని లెక్క అడుగుటకు మన కంఠమున బలముండదు. మన బృందములకును ఒక నియమావళి, ఒక అప్పీలు, యేటేట ఒక లెక్క ఈ మహాసభయందే ఉంచబడవలెను. అది నేటి తీర్మానములలో చేరినచో మా ప్రసంగము సఫలమైనట్లు తలంతుము.

సోదరసోదరీమణులారా! కంపెనీలు వచ్చును, పోవును, పేర్లు మారును. పొరుగు మాత్రము ఎన్నటికిని ఉండును. పొరుగువాడు నమ్మదగినవాడను ధైర్యముతో తలుపు తీయగలుగుటయే ఊరు. ఆ ధైర్యమును సరకుగా అమ్మువారు దానికి పూచీపడవలెను; వారిచే పూచీపడజేయుట సభ్యులమును వాటాదారులమును అగు మన ధర్మము.